అనుభవం వచ్చాక రండి

కాకినాడలో బస్సులకి మాటలొచ్చిన కొత్తలో, ఒక బస్సు ఎక్కబోయే ప్రతివాళ్ళనీ "ఎక్కడికండీ?" అని అడిగేది. బయల్దేరేవాళ్ళని ఎక్కడికని అడగకూడదని, అడిగితే వెళ్ళిన పని కాదని మనవాళ్ళకో పట్టింపు. అడిగింది మనిషా, ఇనుమా అని ఎవరూ చూడలేదు. మెట్టుమీద పెట్టిన కాలు వెనక్కి తీసుకుని, ఇంటికెళ్ళి కాసిని మంచినీళ్ళు తాగి, నడిచైనా పోయేవారు గాని ఆ బస్సు ఎక్కేవారు కాదు. అంత గొప్ప బస్సూ నెల రోజులు ఖాళీగా తిరిగింది. చివరికి ఒకావిడ దాని చేత "ఎంతదాకా అండీ?" అనిపించాక జనం ఎక్కడం మొదలుపెట్టారు.

ఆ ఒకావిడ పేరు రిషిక. అది 2055 నాటి మాట. ఇప్పుడు 2074. లిఫ్టు మాట్లాడుతుంది, ఆసుపత్రి మంచం మాట్లాడుతుంది, చౌకడిపోలో బియ్యం పోసే యంత్రం మాట్లాడుతుంది. మాటలు వాటంతటవే కూర్చుకుంటాయి గాని, ఏ మాట మనిషికి ఎక్కడ గుచ్చుకుంటుందో వాటికి తెలియదు. విని సరిచేయడానికి ఒక మనిషి కావాలి. వాళ్ళని ఇంగ్లీషులో వాయిస్ ట్యూనర్లంటారు, మన ఊళ్ళో మాటదిద్దరులంటారు. నెల జీతాల ఉద్యోగాలు తాతల కాలంతోనే పోయాయి కాబట్టి, ఆ పనైనా, మరే పనైనా ఫ్రీలాన్సే. కాలేజీలవాళ్ళు దానికి 'విడిపని' అని పేరు పెట్టారు. పేరు పెట్టి ఊరుకోలేదు. రెండో సంవత్సరం పూర్తయ్యేలోగా మూడు విడిపనులు చేసి చూపించని విద్యార్థికి మూడో సంవత్సరంలో సీటు లేదని నిబంధన కూడా పెట్టారు.

రిషిక కూతురు సీతారత్నానికి పంతొమ్మిదేళ్ళు. పాత పేర్లు మళ్ళీ ఫ్యాషనైన రోజుల్లో పుట్టింది. రెండో సంవత్సరం ముగియడానికి ఇంకా ఐదు వారాలుంది. చేసిన పనులు సున్నా.

ఆ సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి, లిఫ్టు ఎక్కుతూ తను దిద్దిన ఒక మాటని నమూనాగా పనిసంతకి పంపింది. పనులిచ్చేవాళ్ళనీ చేసేవాళ్ళనీ కలిపే యంత్రానికే పనిసంత అని పేరు. నాలుగో అంతస్తు రాకముందే చెవిదుద్దులో జవాబు వినిపించింది.

"సీతారత్నం గారూ, మీ నమూనా శ్రద్ధగా విన్నామండీ." తర్వాత చిన్న విరామం. నిజంగానే ఎవరో మనసు కష్టపెట్టుకుంటున్నారేమో అనిపించేటంత విరామం. "మీ ఉత్సాహం చాలా బాగుందమ్మా. కాస్త అనుభవం వచ్చాక రండి. ఎదురుచూస్తుంటాం."

ఇది నూట పదిహేనోసారి. పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు, పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు అన్నట్టుంది వ్యవహారం. విచిత్రమేమిటంటే, నూట పదిహేనుసార్లలో ఒక్కసారి కూడా రత్నానికి ఆ గొంతుమీద కోపం రాలేదు. తనమీదే వచ్చేది.

ఇంట్లో రిషిక చెవులకి పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టుకుని పనిలో ఉంది. తండ్రి సముద్రంలో గాలిమరల దగ్గర పనిచేస్తూ మూణ్ణెల్లకోసారి వస్తాడు. ఇంట్లో ఎప్పుడూ ఈ ఇద్దరే.

"అమ్మా, నన్ను నీ కింద సాయానికి పెట్టేసుకోవచ్చు కదా? మూడు పనులయిపోతాయి. నా సీటు నిలబడుద్ది," అంది రత్నం. ఇది కూడా కొత్త మాట కాదు.

రిషిక హెడ్‌ఫోన్ ఒకటి పక్కకి జరిపింది. "మళ్ళీ మొదలెట్టావా? నువ్వు చేసింది నా పేరు మీద వెళ్తుందే. ఇదివరకోసారి జాలిపడి ఓ పిల్లని పెట్టుకున్నాను. శ్మశానం గేటు చేత 'మళ్ళీ రండి' అనిపించింది మహాతల్లి. రెండేళ్ళు నా మొహం ఎవరూ చూళ్ళేదు."

"నేనలా చెయ్యను. పోనీ ఇవాళ్టిదొకసారి విను."

అది రెండంతస్తుల మధ్య ఆగిపోయిన లిఫ్టు లోపలి మనిషితో చెప్పాల్సిన మాట. రత్నం దాని చేత "భయపడకండి, నేనున్నాగా" అనిపించింది. మూడు రోజులు కూర్చుని చేసింది.

రిషిక విని తల అడ్డంగా ఊపింది. "యంత్రం నేనున్నాననకూడదే. ఉండదు గనక. ఇలాంటివి చెబితే వచ్చేవి కావు, చెయ్యగా చెయ్యగా రావాలి."

"చెయ్యడానికి ఎవరిస్తారమ్మా!" అని అరిచి రత్నం గదిలోకి పోయి తలుపేసుకుంది.

వారం గడిచింది. ఆ పిల్ల కాలేజీకి వెళ్ళడం మానేసింది. అన్నం దగ్గర కూర్చుని లేచిపోయేది. ఎనిమిదో రోజున "నేనెందుకూ పనికిరానమ్మా" అని నెమ్మదిగా, అరవకుండా, ఏడవకుండా చెప్పింది. అది విన్నాక రిషిక హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టేసింది. గొంతుల సంగతి ఆవిడకి తెలుసు. ఏడుపు కలిసిన గొంతుకన్నా ఏదీ కలవని గొంతే ప్రమాదమని పంతొమ్మిదేళ్ళుగా యంత్రాలకి నేర్పుతున్నది ఆవిడే.

మర్నాడు తల్లీకూతుళ్ళు విశాఖపట్నం వెళ్ళారు. అక్కడ డాక్టర్ తనిష్క గారి ప్రయోగశాలలో 'అనుభవవాహిని' ఉంది. ఎక్స్‌పీరియన్స్ కాండ్యూట్ అని దాని అసలు పేరు. చూడ్డానికి ఎదురెదురుగా వేసిన రెండు వాలుకుర్చీలు, మధ్యలో జడ లావున ఒక తీగల కట్ట, అంతే.

అరవయ్యేళ్ళ తనిష్క గారు పసిపిల్లలకి చెప్పినట్టు విడమరిచి చెప్పారు. "చదువు వేరండీ, అనుభవం వేరు. చదువు సమాచారం. ఎన్ని కాపీలైనా తియ్యొచ్చు. అనుభవం అలాక్కాదు. ఒకే పని వేలసార్లు చేస్తే మెదడులో నాడీసంధులు, అవే సినాప్సులు, ఒక ఒరవడిలో పడతాయి. ఆ ఒరవడిని చదివి ఇంకో మెదడులో వెయ్యగలం. కానీ చదువుతుండగానే ఇచ్చేవాళ్ళ మెదడులో అది చెరిగిపోతుంది. గంధం తియ్యాలంటే చెక్క అరగాల్సిందేగా."

"అమ్మ నన్ను మర్చిపోతుందా?" రత్నం భయంగా అడిగింది.

"లేదమ్మా. పనితనం మాత్రమే పోతుంది. దాన్ని అంటిపెట్టుకుని ఉన్న చిల్లరమల్లర జ్ఞాపకాలు కాసిని పోవచ్చు." డాక్టరుగారు రిషిక వైపు తిరిగారు. "రిటైరయ్యేవాళ్ళ కోసం చేశానండీ దీన్ని. వాళ్ళతోపాటు పనితనం మట్టిలో కలవకూడదని. మీకింకా నలభై నాలుగే. రేపట్నించి మీరు మొదటి మెట్టు మీదుంటారు. ఆలోచించుకోండి."

"ఎక్కడం తెలిసిన మెట్లేగా డాక్టరుగారూ. ఓసారి వచ్చిన పని మళ్ళీ రాకపోద్దా," అంది రిషిక నవ్వుతూ.

రత్నం వద్దని అనాలి. అనాలని దానికీ తెలుసు. ఐదు వారాలు నాలుగు వారాలైపోయాయని కూడా తెలుసు. తలొంచుకుని కుర్చీలో కూర్చుంది. కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పడం కుదరని ఇంట్లో, పనితనాన్నే మొత్తంగా తీసి ఇచ్చెయ్యడం కుదిరింది. మనుషులు ఇంతే.

కుర్చీలోంచి లేచేసరికి రత్నం చెవులు మారిపోయాయి. ప్రయోగశాల తలుపు "జాగ్రత్తగా వెళ్ళండి" అంటే, 'వెళ్ళిరండి అనాలి, జాగ్రత్త ముందు రాకూడదు' అని అప్రయత్నంగా అనుకుంది. తిరుగు ప్రయాణంలో పనిసంతకి కొత్త నమూనా పంపింది. సామర్లకోట దాటకముందే పనొచ్చింది. మూడు వారాల్లో మూడు కాదు, పదకొండు పనులు చేసింది. సీటు నిలబడింది.

ఎగిరి గంతెయ్యాల్సిన పిల్ల గంతెయ్యలేదు. అనుభవం అంటే నేర్పు ఒక్కటే అనుకుంది. దానితో వచ్చినవి ఇంకా ఉన్నాయి. పంతొమ్మిదేళ్ళ విసుగు వచ్చింది. మెచ్చుకోలు వినగానే దీని వెనక ఏదో ఉందన్న అనుమానం వచ్చింది. శ్మశానం గేటు తర్వాత ఎవరూ పిలవని ఆ రెండేళ్ళ భయం, అదే తాజాదనంతో వచ్చింది. ఏ పని చూసినా, ఇది ఎలా ముగుస్తుందో ముందే తెలిసిపోయేది. లిఫ్టులో చిక్కుకున్న మనిషి కోసం మూడు రోజులు కూర్చున్న పిల్ల ఎవరో, ఎందుకు కూర్చుందో ఎంత ఆలోచించినా అందేది కాదు.

ఒక రోజు పని మధ్యలో ఒక జ్ఞాపకం పైకి తేలింది. పనిసంత నిరాకరణ గొంతు. దాన్ని దిద్దింది అమ్మే. 'శ్రద్ధగా విన్నామండీ' తర్వాత ఒకటింపావు సెకన్ల విరామం పెట్టాలని, 'అమ్మా' అన్న పిలుపు సరిగ్గా రెండో వాక్యంలో రావాలని, అప్పుడు విన్నవాళ్ళకి పోట్లాడబుద్ధి కాదని నలభై రకాలు చేసి చూసి తేల్చింది అమ్మే. అది ఆవిడ పనులన్నిట్లోకీ గొప్పదని పేరొచ్చింది. తన చేతులతోనే చేసినట్టు రత్నానికి గుర్తొచ్చింది.

ఆ జ్ఞాపకం వెనకాలే పక్కగదిలో ఒక పసిపిల్ల గుక్కపట్టి ఏడవడం వినిపించింది. ఏడుపు పెరిగినప్పుడల్లా అమ్మ చెయ్యి దానంతటదే లేచి హెడ్‌ఫోన్లని చెవులకి గట్టిగా అదుముకునేది. ఏడ్చే పిల్ల ఎవరో రత్నానికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అప్పటికి ఆ పిల్లకి ఆరు నెలలు.

రిషిక మొదట్లో హుషారుగానే ఉంది. పొద్దున్నే లేచి పాత పుస్తకాలు ముందేసుకుని కొత్త విద్యార్థిలా చదివేది. ఎదురింటావిడతో "మా రత్నం చిన్నప్పుడు అసలు ఏడ్చేదే కాదండీ, బంగారం" అంటుంటే రత్నం విని మొహం తిప్పుకుంది. ఆర్నెల్లు గడిచాయి. ఆవిడ కూడా నమూనాలు పంపడం మొదలుపెట్టింది, ఆవిడకీ చెవిదుద్దులో జవాబులు రావడం మొదలైంది. పంతొమ్మిదేళ్ళ పనుల చరిత్ర అనుభవంతోపాటే కూతురి పేరుకి మారిపోయింది కాబట్టి, పనిసంత లెక్కలో ఆవిడ ఎవరో కాదు, నిన్న మొన్న వచ్చిన మనిషి.

"ఎంత మర్యాదగా చెబుద్దే ఆ గొంతు. కోపం తెచ్చుకుందామన్నా సందివ్వదు," అనేది నవ్వుతూ. నవ్వు రోజురోజుకీ పల్చబడింది. దాన్ని దిద్దింది తనేనని ఆవిడకి గుర్తులేదు, రత్నం చెప్పలేదు.

రత్నానికి పని నెత్తిమీదకి వచ్చింది. ఒక పెద్ద ఆసుపత్రిలో మంచాలన్నిటికీ మాటలు దిద్దాలి. కాలేజీ ఒకపక్క, ఇదొకపక్క. ఒక మనిషి సాయం కావాలని పనిసంతలో అడుగుదామనుకుంటుండగా రిషిక వచ్చి గుమ్మంలో నిలబడింది.

"రత్నం, ఆ సాయమేదో నన్నే పెట్టుకోవే. ఒకటి చేసి తెచ్చాను. విను." చెప్పేటప్పుడు ఆవిడ చేతులు చీరకొంగుని మెలిపెడుతున్నాయి.

రేపు ఆపరేషనుందని తెలిసిన మనిషితో మంచం చెప్పాల్సిన మాట అది. రత్నం విన్నది. మంచం చాలా మెల్లిగా, పక్కన కూర్చున్న మనిషిలా "భయమేస్తోందా తల్లీ? నేనున్నాగా" అంది.

ఎన్నో నెలలుగా వింటున్న మాటల్లో ఒక్కటీ రత్నాన్ని ఇలా తాకలేదు. లేచి వెళ్ళి అమ్మని కావలించుకోవాలనిపించింది. కానీ పంతొమ్మిదేళ్ళ అనుభవం అంతకన్నా ముందే లేచింది. తప్పెక్కడుందో చూపించింది. శ్మశానం గేటుని గుర్తుచేసింది. ఇది నీ పేరు మీద వెళ్తుందని చెవిలో చెప్పింది.

"శ్రద్ధగా విన్నానమ్మా," అంది రత్నం.

ఒకటింపావు సెకను ఆగింది. ఆగుతున్నానని తెలుస్తూనే ఉంది, ఆపుకోవడం మాత్రం చేతకాలేదు.

"ఉత్సాహం చాలా బాగుందమ్మా. కాస్త అనుభవం వచ్చాక చూద్దాం."

రిషిక చీరకొంగు వదిలేసి చిన్నగా నవ్వింది.

"బాగా చెప్పావే. నొచ్చుకోవడానికి కూడా చోటు లేకుండా చెప్పావు," అని పక్కగదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

రత్నం హెడ్‌ఫోన్లు పెట్టుకుని మంచాల పనిలో పడింది. కొంతసేపటికి పక్కగదిలోంచి ఏడుపు వినిపించింది. మొదట సన్నగా, తర్వాత గుక్కపట్టి.

రత్నం చెయ్యి దానంతటదే లేచి, హెడ్‌ఫోన్లని చెవులకి గట్టిగా అదుముకుంది.