భుజం మీద చెయ్యి

తల్లి పోయిన రోజు ఉదయం సోక్ హాన్ ఎప్పటిలాగే గంజి కాచి, అందులోకి అల్లం సన్నగా తరుగుతోంది. ఆ వేళకి కింద మార్కెట్టులో చేపలవాళ్ళ కేకలు మొదలవుతాయి. అవి వినపడగానే తల్లి లేచి కిటికీ దగ్గరకు వచ్చేది. ఆ రోజు రాలేదు. లోపలికి వెళ్ళి చూస్తే మంచం పక్కన నేలమీద ఉంది. చెయ్యి అప్పటికే చల్లబడింది.

తమ్ముడు చీ కిట్‌కు ఫోన్ చేస్తే మొదటిసారికే ఎత్తాడు. మనీలాలో ఉన్నానని, సాయంత్రం విమానానికి మకావు వచ్చేస్తానని అన్నాడు. తరువాత అతని ఫోన్ పలకలేదు.

ఇరుగుపొరుగు లెక్కలో చీ కిట్ దేశదేశాలు తిరిగి ఫ్యాన్లు అమ్ముతాడు. అలా చెప్పింది తల్లే. నిజానికి అతను క్యాసినోల్లో బ్లాక్‌జాక్ అనే పేకాట ఆడతాడు. బల్లమీద పడిన ప్రతి పేకముక్కనూ మనసులో లెక్కపెట్టుకుంటూ, ఇంకా పంచాల్సినవాటిలో పెద్ద ముక్కలు ఎక్కువున్నాయని తేలినప్పుడే పందెం పెంచుతాడు. అది మోసం కాదు. కానీ అలా ఆడేవాణ్ణి గుర్తుపడితే ఎవరూ కూర్చోనివ్వరు. అందుకే ఏడాదికి ఆరు దేశాలు. సోక్ హాన్ ఉద్యోగం అలాంటివాళ్ళను కనిపెట్టడమే. ఒక క్యాసినో కెమెరాల గదిలో పదహారేళ్ళుగా పనిచేస్తోంది.

నాలుగో రోజు అంత్యక్రియలు జరిగాయి. వాళ్ళ ఆచారం ప్రకారం కొడుకు నాణెం ఇచ్చి బేసిన్‌తో నీళ్ళు కొని తేవాలి. ఆ నీళ్ళతో తల్లి ముఖం కడిగి సాగనంపాలి. పూజారి చీ కిట్ కోసం మధ్యాహ్నం దాకా ఎదురుచూశాడు. చివరికి చిన్నాన్న తన కొడుకును ముందుకు తోశాడు. వరసకు కొడుకే కాబట్టి తప్పులేదని పూజారీ అన్నాడు.

"వద్దు," అంది సోక్ హాన్. "కన్నకొడుకు బతికే ఉన్నాడుగా. వాడు రాలేదని అందరూ చూడనివ్వండి."

ఆమె ముఖం చూసి చిన్నాన్న కొడుకును వెనక్కి లాక్కున్నాడు. బేసిన్ ఖాళీగానే ఉండిపోయింది.

ఏడో రోజున చనిపోయినవాళ్ళు ఇల్లు చూసుకోవడానికి వస్తారంటారు. ఆ ఉదయం ఆమె తల్లి పటం ముందు గిన్నెల్లోకి గరిటెతో గంజి పోస్తుంటే చీ కిట్ లోపలికి వచ్చాడు. గడ్డం మాసి ఉంది. చేతిలో సంచీ కూడా లేదు.

"అమ్మ వస్తుందని తలుపు తీసిపెట్టాను," అంది సోక్ హాన్ వెనక్కి తిరగకుండా. "నీకోసం కాదు."

"తెలుసు."

"పెద్ద ముక్కలు మిగిలి ఉంటాయిలే. లేచి రాబుద్ధి కాలేదేమో దొరగారికి."

అతను ఒంగి బూట్లు విప్పుకున్నాడు. అది ఆమెను మరీ మండించింది. చిన్నాన్న చూసిన చూపు, పక్కింటివాళ్ళు ఫ్యాన్ల వ్యాపారం గురించి గుసగుసలాడుకోవడం, అన్నీ ఏకరువు పెట్టింది. "ఎన్ని ముక్కలైనా గుర్తుంచుకుంటావే, ఆ బుర్రలో అమ్మ ఒక్కదానికి చోటు లేకపోయిందా?" అంది.

చీ కిట్ జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి గిన్నెల మధ్య పెట్టాడు.

"నీ ఫోన్ రాగానే లేచాను. బిళ్ళలు డబ్బుగా మార్చుకునే చోట క్యాసినోవాళ్ళు పట్టుకున్నారు. పాస్‌పోర్టు, ఫోన్ లాక్కుని, నాతో ఆడేవాళ్ళ పేర్లు చెప్పమని ఐదు రోజులు గదిలో కూర్చోబెట్టారు. ఈ ఫొటో నా ముఖం పక్కన పెట్టి పోల్చుకున్నారక్కా."

క్యాసినోలు ఒకదానికొకటి పంపుకునే ముఖాల జాబితాలో పేజీ అది. ఫొటోలో చీ కిట్ నవ్వుతున్నాడు. రెండు పక్కలా ఉన్నవాళ్ళను కత్తిరించేశారు. ఎడమ భుజం మీద మాత్రం ముడతలు పడ్డ చెయ్యి, మణికట్టుకు పచ్చరాతి గాజు మిగిలిపోయాయి. ఆ గాజు ఇప్పుడు సోక్ హాన్ చేతికుంది.

జూదరులు భుజం తాకనివ్వరు. తాకితే కలిసిరాదంటారు. అదృష్టంతో తనకు పనిలేదనే చీ కిట్ కూడా తాకనిచ్చేవాడు కాదు.

"అమ్మనొక్కదాన్నే చెయ్యి వెయ్యనిచ్చాను," అన్నాడు. "డెబ్భయ్యో పుట్టినరోజున. ఆ ఫొటో నీ దగ్గర తప్ప ఎక్కడా లేదు."

ఆమె చేతిలోని గరిటె కింద పెట్టింది.

"ఆ జాబితాకు నేనే పంపాను," అంది. "రెండు నెలలైంది. కిట్ ఎప్పుడొస్తాడని అమ్మ రోజూ అడిగేది. ఎక్కడా కూర్చోనివ్వకపోతే ఇంటికి వస్తావనుకున్నాను."

"వచ్చాను."

ఇద్దరూ పటం వైపు చూడలేదు. అతనే అడిగాడు.

"అమ్మ ముఖం ఎవరు కడిగారు?"

ఆ జవాబును ఆమె మూడు రోజులుగా నూరి పెట్టుకుంది, అతని ముఖాన కొట్టడానికే. ఇప్పుడు కళ్ళు తుడుచుకుని, చిన్నాన్న కొడుకు కడుగుతానంటే తానే వద్దన్నానని చెప్పింది.

చీ కిట్ తల్లి కూర్చునే ముక్కాలిపీట మీద కూలబడ్డాడు. సోక్ హాన్ దగ్గరకు వెళ్ళి అతని భుజం మీద చెయ్యి వేసింది. అతను ఉలిక్కిపడ్డాడు. కానీ ఆ చెయ్యి తీసెయ్యలేదు.

తల్లి దహనం అయిపోయి మూడు రోజులైంది. ఆమె ముఖం ఎవరూ కడగలేదు.