పగిలిన వాల్వు

ఎనిమిదో అంతస్తు... సురేంద్ర ఇక పరుగెత్తలేడు.

ఊపిరి అందడం లేదు. కుడి మోకాలు విరిగిపోతున్నట్టుంది.

కోకాపేటలో సగం కట్టి ఆపేసిన జంట టవర్లలో ఒకటి అది. పైన రెంటినీ కలుపుతూ ఓ వంతెన. ఇరుకు మెట్లు. చీకటి.

పైన అడుగుల చప్పుడు.

జయంతి!

రాకెట్ కంపెనీలో ఇంజినీర్. ఈ సాయంత్రమే ల్యాబ్ నుంచి ఏదో ఎత్తుకుని పారిపోయింది. సురేంద్ర అదే కంపెనీలో సెక్యూరిటీ ఆఫీసర్. పోలీసు ఉద్యోగం నుంచి రిటైరై వచ్చాడు. దొంగల వెంట పరుగెత్తే రోజులు అయిపోయాయనుకున్నాడు.

చెవిలో ఇయర్‌ఫోన్. లైన్లో యజమాని సందీప్. ఆమె రాకెట్ రహస్యాలు అమ్ముకుంటోందనీ, వదలొద్దనీ, తానూ వచ్చేస్తున్నాననీ ఒకటే పోరు.

"మేడం... జర ఆగుండ్రి. నాతోని కాదు."

అడుగులు ఆగుతాయి.

ఫోన్ వెలుగులో ఆమె ముఖం. ఆమె కూడా అలసిపోయింది. గోడకు జారగిలబడి, బ్యాగులోంచి ఓ లోహపు ముక్క తీస్తుంది. అరచేతిలో పట్టేంత. నిలువునా చీలిక.

"ఓంకార్ ఇంజిన్‌లోని వాల్వండి ఇది."

సురేంద్ర వంగి ఆ చీలికను చూస్తాడు.

ఓంకార్... పోయిన నెల టెస్టులో ఇంజిన్ పేలి చనిపోయిన కుర్రాడు. కాలిన ఆ శరీరాన్ని అంబులెన్స్‌లోకి ఎత్తింది సురేంద్రే. తప్పు ఓంకార్‌దేనని కంపెనీ చెప్పింది. అతనూ నమ్మాడు.

జయంతి గబగబా చెబుతుంది. వాల్వులు నాసిరకమని సందీప్‌కి ముందే తెలుసు. మారిస్తే ప్రయోగం వాయిదా పడుతుంది. శాటిలైట్ ఇంటర్నెట్ కాంట్రాక్టు చేజారుతుంది. అందుకే పగిలిన వాల్వుని దాచేశాడు. రేపు ఎగరాల్సిన రాకెట్లోనూ అవే వాల్వులు. ఇంధనం నింపేవాళ్ళు దాని పక్కనే ఉంటారు.

"వాళ్ళకి ఎవరూ చెప్పలేదండి. ఇది పోలీసులకి చేరాలి."

కింద కారు తలుపు ధడేల్‌మంటుంది.

సందీప్! అంతా విన్నాడు...

సురేంద్ర ఇయర్‌ఫోన్ పీకి పారేస్తాడు.

"పై అంతస్తుల పక్క టవర్‌కి దారుంది. అటు దిగితే రోడ్డే. పో బిడ్డా."

"మరి మీరు?"

"నాకు ఉరికే ఓపిక లేదు."

ఆమె వెళ్తుంది. సురేంద్ర మెట్ల మధ్యలో కూలబడతాడు. ఎంత హాయిగా ఉందో, కూర్చుంటే.

టార్చ్ వెలుగు కళ్ళల్లో పడుతుంది. దాని వెనక పిస్టల్.

"లే, సురేంద్రా. దారి వదులు."

"ఆ పిలగాన్ని ఎత్తింది నేనే సార్. బరువే లేకుండె..." సురేంద్ర తల అడ్డంగా ఊపుతాడు. "ఇగ లెవ్వ."

ఢాం!

భుజంలో నిప్పు దిగినట్టవుతుంది. సందీప్ అతన్ని దాటబోతాడు. సురేంద్ర రెండు చేతులా ఆ కాలు పట్టుకుంటాడు.

ఎక్కడో కింద, రోడ్డు మీద, ఆటో ఆగిన చప్పుడు. మళ్ళీ కదిలిన చప్పుడు.

పోయింది బిడ్డ.

ఢాం!

సురేంద్ర పట్టు వదల్లేదు.