కోడ్రు మెడలో కర్ర

పొద్దున్నే మొక్కజొన్న పిండి ఉడకబెడుతూ సవేటా కిటికీలోంచి చూసింది. కోడ్రు వాకిట్లో కుంటుతోంది. దూడంత కుక్క. మెడపట్టీకి ఓ కర్ర అడ్డంగా వేలాడుతోంది. అడుగు వేసినప్పుడల్లా ముందుకాళ్లకు తగులుతోంది. అడవి జంతువుల వెంటపడకుండా కొండమీద కాపరులు అలా కడతారు. దీనికి కట్టింది మాత్రం ఆమె మొగుడు నిస్టోర్, నిన్న సాయంత్రం.

ఆమె కుండ దించి బయటికి వచ్చింది.

"ఏమయ్యా, దాని మోకాళ్లు చూశావా? వాచిపోయాయి."

"ఊరికే పడుంటే వాచవు." నిస్టోర్ కొడవలి నూరుతూ తలెత్తలేదు. "తుపాకీ తెస్తానన్నది నీ తమ్ముడే కదా."

నిన్న కోడ్రు వెంటపడితే ఆమె తమ్ముడు ఇలారీ మోటార్‌సైకిల్‌తో సహా గుంటలో పడ్డాడు. మోచెయ్యి చీరుకుపోయింది. ఇంకోసారి వెంటపడితే కాల్చేస్తానని ఊరంతా వినేలా అరిచి వెళ్లాడు. అన్నంత పనీ చేసే మనిషి.

"పాలబండి పోతుంది. దాని వెంట పడుతుందా?" అంది సవేటా.

"లేదు."

"పాదిరిగారి కారు?"

"లేదు."

"మరి నా తమ్ముడి బండొక్కటే దానికి కుందేల్లా కనిపిస్తోందా?"

నిస్టోర్ కొడవలి ఇంకా గట్టిగా నూరాడు.

"నేను చెప్తా విను. వాడు హద్దు దాటి నీ గడ్డి కోశాడని కోపం. అప్పట్నుంచి వాడి బండి చప్పుడైతే చాలు, ఉస్కో అంటావు. ఇది పరుగెత్తితే పకపకా నవ్వుతావు. తిరిగొస్తే పందికొవ్వు ముక్క పెడతావు. నీ మాట విన్నందుకా దానికి కర్ర? కట్టాల్సింది నీ మెడకి!"

"మెల్లిగా. ఎవరైనా వింటారు."

"విననీ! నోరులేనిదాన్ని ముందుకు తోసి పోట్లాడుతున్నావు. తూటా తగిలేది నీకు కాదుగా!"

ఆమె కర్ర తాడు కోసేసింది. గడ్డిబండి మోకు తెచ్చి కుక్క మెడపట్టీకి కట్టి, రెండో కొస మొగుడి చేతిలో పెట్టింది. అలాగే పిండి అంటిన చెరగు కూడా దులపకుండా తమ్ముడింటికి నడిచింది.

"నీకేమైనా పిచ్చా అక్కా?" అన్నాడు ఇలారీ. "మళ్లీ దాని ముందునుంచి పోవాలా?"

"బండి లేకుండా బండి వెంట పడొద్దని ఎట్లా నేర్పేదిరా? తుపాకీ మోసే ఓపికుంది, దీనికి లేదా?"

ఇలారీ గొణుక్కుంటూనే వచ్చాడు. బండి నెమ్మదిగా వాకిలి దాటింది. కోడ్రు దూకింది. నిస్టోర్ మోకాళ్లమీద పడ్డాడు. ఆగమని గావుకేక పెట్టాడు. కుక్క ఇంకా రెచ్చిపోయింది.

"నువ్వూ మొరగకు," అంది సవేటా. "పేరు పెట్టి పిలువు. వెనక్కి చూస్తే ఈ జున్నుగడ్డలోంచి ముక్క పెట్టు."

ఇలారీ వస్తూ పోతూనే ఉన్నాడు. జున్ను సగమైంది. సూర్యుడు నడినెత్తికి వచ్చాడు. బావా బావమరుదులు ఒకరి మొహం ఒకరు చూడలేదు.

ఈసారి బండి దగ్గరికొచ్చింది. కోడ్రు వణికింది, కానీ దూకలేదు. తలతిప్పి నిస్టోర్ మొహంలోకి చూసింది, ఏం చెయ్యమంటావన్నట్టు. అతను పక్కన కూర్చుని దాని వాచిన మోకాలు చేత్తో పట్టుకున్నాడు.

"వద్దురా," అన్నాడు. "మనవాడే."

ఇలారీ బండి ఆపాడు. ఇంజన్ కూడా కట్టేశాడు.

"ఇంకోసారి చెప్పు బావా. కుక్కకి వినపడలేదు."

"దానికి వినపడింది," అన్నాడు నిస్టోర్, కళ్లు తుడుచుకుంటూ.