బైపాస్ వాల్వూ, చిన్న మేస్త్రి టీ

"మీకు కావాల్సింది చప్పుడైతే ప్రెషర్ కుక్కర్ కొనుక్కోండి సార్. చవకలో పోతుంది."

అద్దాలబ్బాయితో ఆ అమ్మాయి అన్న మొట్టమొదటి మాట అది. అది కూడా మొహం చూసి అనలేదు. తల అతని కారు బానెట్ కింద ఉంది. జుట్టు ముడేసి, ఆ ముడిలో ఒక స్క్రూడ్రైవర్ గుచ్చుకుని ఉంది.

అద్దాలబ్బాయి అంటే కళ్ళజోళ్ళ షాపు నడుపుకునే కుర్రవాడు. ఆ పేరు గ్యారేజీవాళ్ళు పెట్టింది. కళ్ళజోడు కాడలో ఆవగింజంత స్క్రూని కళ్ళు మూసుకుని బిగించగలడు కానీ, బానెట్ ఎత్తితే మాత్రం అతనికి కనిపించేవన్నీ నల్ల పైపులే. ఆ టర్బో కారు మేనమామది. "ఇంట్లో అదైనా ఉండాలి, నేనైనా ఉండాలి" అని అత్తయ్య తేల్చేశాక, మామయ్య రెండు రోజులు ఆలోచించి మరీ అత్తయ్యను ఉంచుకుని, కారును మేనల్లుడికి అంటగట్టాడు.

ఆమధ్య సిగ్నల్ దగ్గర పక్కనున్న కారొకటి, డ్రైవరు యాక్సిలరేటర్ మీంచి కాలు తీయగానే "తుస్స్‌స్" అంది. రోడ్డు మీద అందరూ తిరిగి చూశారు. తన కారు కూడా అలా అనాలని, తననీ ఎవరైనా అలా తిరిగి చూడాలని అద్దాలబ్బాయి ముచ్చటపడ్డాడు. తీరా ఇక్కడికొస్తే మెకానిక్కే తిరిగి చూడటం లేదు.

"అది కాదండీ, గాలి బయటికి వదిలే వాల్వు ఏదో ఉంటుందట కదా..."

అప్పుడు తల బయటికొచ్చింది. ముక్కు మీద గ్రీజు మరక, పెద్ద పెద్ద కళ్ళు. ఆ కళ్ళకి జోడు అవసరం లేదని అద్దాలబ్బాయి వృత్తిధర్మంగా గమనించాడు. ఆ తర్వాత ఏం గమనించాడో అతనికే గుర్తులేదు.

"వినండి. మీరు యాక్సిలరేటర్ తొక్కితే టర్బో గాలిని నొక్కి నొక్కి ఇంజిన్లోకి తోస్తుంది. ఠక్కున కాలు తీశారనుకోండి, ఇంజిన్ తలుపు మూసుకుంటుంది. మరి నొక్కిన గాలి ఎక్కడికి పోవాలి?"

"ఎక్కడికి పోవాలి?" అన్నాడు అద్దాలబ్బాయి, కథ వింటున్న పిల్లాడిలా.

"వెనక్కి తిరిగి టర్బోనే తంతుంది. తన్నకుండా దానికి పక్కదారి చూపించేదే బైపాస్ వాల్వు. మీ పాతదాంట్లో రబ్బరు పొర చిరిగిపోయింది. కంపెనీది మళ్ళీ ప్లాస్టిక్‌దే వస్తుంది, అందుకని బయట దొరికే మెటల్‌ది వేస్తా. కానీ గాలి బయటికి పోదు, తిప్పి టర్బో ముందుకే పంపిస్తా. మీ కారు కొలుచుకుని లోపలికి పీల్చిన గాలి అది. దాన్ని ఊరి మీదకి వదిలేస్తే సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగి కూర్చుంటుంది. అప్పుడు కూడా అందరూ తిరిగే చూస్తారు లెండి."

"మరి చప్పుడు?"

"చెవి రిక్కిస్తే వినిపిస్తుంది. నిట్టూర్పులాగా."

"చాలండీ," అన్నాడు. ఆ క్షణాన కారుకి మూడు చక్రాలే ఉంచుతానన్నా చాలనే అనేవాడు.

ఆ అమ్మాయి పాత వాల్వు ఊడదీసింది. కొత్తది పెట్టి, రెండు వైపులా లావు గొట్టాలు తొడిగి, వాటి క్లిప్పులు బిగించి, చివరికి ఒక సన్నటి పైపు తగిలించింది. పక్కన స్టూలు మీద కూర్చున్న పెద్ద మేస్త్రి, అంటే ఆమె తండ్రి, గ్యారేజీ యజమాని, రాగితీగతో కట్టుకున్న కళ్ళజోడు సర్దుకుంటూ చూశాడు. చూసి, సరే అన్నట్టు తలాడించాడు.

వారం తిరక్కుండానే, ఎత్తు ఎక్కుతుంటే బానెట్ కింద "ఫట్" అంది. కారు ఉసూరుమంది. అద్దాలబ్బాయికి మాత్రం ఎగిరి గంతేసినంత పనైంది. ఉన్న ఓపికంతా పెట్టి దాన్ని గ్యారేజీకి ఈడ్చుకెళ్ళాడు.

"గొట్టం జారింది. సారీ సార్," అని, గ్యారేజీలో అందరూ చిన్న మేస్త్రి అని పిలిచే ఆ అమ్మాయి మొహం ముడుచుకుని బిగించింది. తర్వాత లోపలికెళ్ళి తన చేత్తో టీ పెట్టి తెచ్చింది. అందరికీ ఇచ్చింది, అతనికి కూడా ఇచ్చింది.

ఆ టీ గురించి ఒక మాట చెప్పుకోవాలి. అందులో పాలుండేవి, ఆకు ఉండేది, చక్కెర ఉండేది. కానీ ఒకదానితో ఒకటి మాట్లాడుకునేవి కావు. గ్యారేజీలో అందరూ ముక్కు మూసుకుని కషాయంలా మింగారు. అద్దాలబ్బాయి మాత్రం అడుగంటా తాగి, కప్పు ముందుకు చాపాడు.

"ఇంకో కప్పు ఉంటుందాండీ?"

గ్యారేజీ మొత్తం పని ఆపి అతని వైపు చూసింది. చిన్న మేస్త్రి కూడా చూసింది. చూసి, క్లిప్పు ఇంకోసారి సరిచూస్తానంటూ మళ్ళీ బానెట్ ఎత్తింది.

ఆ రోజు నుంచి అతనికి ఒకటే దిగులు పట్టుకుంది. కారు బాగుంటే గ్యారేజీకి వెళ్ళడానికి సాకు లేదు, సాకు లేకపోతే ఆ అమ్మాయి లేదు. ఐదు రోజులు చూశాడు. కారు గుర్రంలా పరిగెడుతోంది, పాపిష్ఠిది. ఆరోరోజు కళ్ళజోళ్ళ స్క్రూడ్రైవర్ పట్టుకుని బానెట్ ఎత్తాడు. ఆ రోజు ఆమె చివర్లో తగిలించిన సన్నటి పైపును గుర్తుచేసుకుని, నల్ల పైపుల్లో సన్నటిదాన్ని వెతికి పట్టుకుని, దాని క్లిప్పు సడలించి, కొసదాకా లాగి ఉంచాడు. మర్నాడే "ఫట్" మంది. తన చేతిని తనే ముద్దుపెట్టుకున్నాడు.

అప్పట్నుంచి అదే వరస. అతను పైపు లాగుతాడు, గొట్టం ఊడుతుంది, ఆమె బిగిస్తుంది, టీ వస్తుంది.

"మీ ముందద్దం ఏమిటి సార్ ఇలా మట్టికొట్టుకుపోయింది? ఊరందరికీ చూపు అమ్ముతారు, మీకు రోడ్డు కనిపిస్తోందా?"

"ఏమోనండీ, ఈమధ్య మీట నొక్కినా నీళ్ళు రావడం లేదు."

"చూస్తానుండండి."

"వద్దొద్దు! అది ఇంకోసారి," అనేవాడు, ఇంకో సాకు చేతిలో ఉంచుకున్నట్టుంటుందని.

మాట మాత్రం పెగిలేది కాదు. అద్దం ముందు నిలబడి "మీరంటే నాకిష్టం" అని గడగడా అప్పజెప్పేవాడు, గ్యారేజీకొచ్చి "మీ టీ అంటే నాకిష్టం" అనేవాడు. ఒక సాయంత్రం ఆ అమ్మాయి దగ్గర్నుంచే ఫోనొచ్చింది. ఎత్తడానికి ధైర్యం చాలక దాన్ని దిండు కింద దాచి, దిండు మీద కూర్చున్నాడు. దిండు కింద అది మోగుతూనే ఉంది.

మర్నాడు పొద్దున షాపుకి వెళ్తుంటే కారు మళ్ళీ "ఫట్" మంది. దువ్వెన తీసి తల దువ్వుకుని, ఈలవేసుకుంటూ గ్యారేజీ గేటు దగ్గరికొచ్చాడు. అక్కడ బండ్లకి రంగులేసే బావ ఎదురొచ్చి చేతులడ్డం పెట్టాడు. అతను చిన్న మేస్త్రికి అక్క మొగుడు.

"బాబ్బాబూ, బండి వెనక్కి తిప్పవయ్యా!"

"ఏమైంది బావగారూ?"

"ఏమైందా? ఇక్కడ రూలు తెలీదా నీకు? చేసి పంపిన బండి అదే జబ్బుతో తిరిగొస్తే, చేసినవాళ్ళు అందరికీ టీ పెట్టాలి. అది శిక్ష. నీ పుణ్యమా అని మా మరదలు ఈ మధ్య రెంచీ కన్నా గరిటే ఎక్కువ పట్టింది. ఇంకొక్కసారి ఈ బండి తిరిగొస్తే తనకి ఇంజిన్ పని లేదు, ఫోన్ల దగ్గర కూర్చోవాలని నిన్న మా మామ తేల్చేశాడు. ఆ పని నన్ను చూసుకోమంటాడయ్యా! నాకు ఇంజినంటే భయం!"

అద్దాలబ్బాయి చేతిలోని దువ్వెన చప్పున జేబులో దాచేశాడు. తను ప్రేమనుకుని చప్పరించింది ఆ పిల్లకి పడ్డ శిక్షా? పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటే ఇదే. తన సరదాకి ఆమె పని ఊడబోతోంది.

లోపల్నుంచి పెద్ద మేస్త్రి రానే వచ్చాడు. వెనకే చిన్న మేస్త్రి. కారుని చూడగానే ఆమె మొహం పాలిపోయింది.

"మళ్ళీ అదేనా?" అన్నాడు పెద్ద మేస్త్రి.

"అయ్యా, మీ అమ్మాయి తప్పేం లేదు!" అద్దాలబ్బాయి గొంతు కీచుమంది. "ఊడదీస్తున్నది నేను. ప్రతిసారీ నేనే. మీ అమ్మాయిని చూడ్డానికి ఇంకో దారి తెలీక. ఆవిడంటే నాకిష్టం. టీ కూడా ఇష్టమే, కానీ ముందు ఆవిడ!"

నొక్కిపెట్టిన గాలంతా ఒక్కసారే వచ్చేసింది. బావ నోరు తెరిచాడు. చిన్న మేస్త్రి నోరు మూసుకుంది.

పెద్ద మేస్త్రి మొహంలో మాత్రం ఏ మార్పూ లేదు. "నువ్వు ఊడదీశావా? ఏదీ, చూపించు."

అద్దాలబ్బాయి బానెట్ ఎత్తి, చిన్న స్క్రూడ్రైవర్ తీసి, నేరం ఒప్పుకునేవాడికుండే గాంభీర్యంతో సన్నటి పైపు పట్టుకున్నాడు. "ఇదిగో. బైపాస్ వాల్వు పైపు."

పెద్ద మేస్త్రి వంగి చూశాడు. అదేమిటో చూద్దామని బావ డ్రైవరు సీట్లోకి దూరి, చేతికందిన మీట నొక్కాడు. సన్నటి పైపులోంచి నీళ్ళు చిమ్మి పెద్ద మేస్త్రి మొహాన్ని, కళ్ళజోడుని, సగం చొక్కాని కడిగేశాయి.

"ఇది," అన్నాడు పెద్ద మేస్త్రి, మీసాల్లోంచి నీళ్ళు కారుతుండగా, "ముందద్దం కడిగే పైపు."

ఎవరూ నవ్వలేదు. నవ్వాలని అందరికీ ఉంది.

"నువ్వు లాగింది ఇదైతే, ఆ లావు గొట్టం ఎలా ఊడుతోంది?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, చిన్న మేస్త్రి జుట్టు ముడిలోని స్క్రూడ్రైవర్ తడుముకుంది.

"అర చుట్టు..." అంది నేల చూస్తూ.

"గట్టిగా చెప్పు."

"క్లిప్పు అర చుట్టు వదులుగా ఉంచా నాన్నా. మొదటిసారి నిజంగా నా పొరపాటే. ఆ తర్వాతవి కావు."

"పోయినసారి చేసి పంపింది కూడానా?"

"అందుకేగా నిన్న నువ్వలా అనగానే నేనే వెళ్ళి బిగించొద్దామని అన్నిసార్లు ఫోన్ చేశా! ఈ మహానుభావుడు ఎత్తితేగా!"

"దిండు కింద ఉందండీ," అన్నాడు అద్దాలబ్బాయి. అతనికి ఇంకా సగమే అర్థమైంది. "మరి... ఎందుకండీ వదులుగా?"

"నా టీ రెండో కప్పు అడిగిన మనిషి ఈ భూమ్మీద మీరొక్కరే! మళ్ళీ రాకపోతే ఎలా?" అని అరిచేసింది. అరిచాక సిగ్గుపడి రెంచీ అడ్డం పెట్టుకుంది, కానీ అది చిన్న రెంచీ.

పెద్ద మేస్త్రి తడిసిన కళ్ళజోడు తీశాడు. రాగితీగ ఊడి, కాడ చేతిలోకి వచ్చింది. దాన్ని అలాగే పట్టుకుని కూతురి వైపు తిరిగాడు.

"చేతకాక ఊడితే పని తీసేసేవాణ్ణి," అన్నాడు. "సరిగ్గా వారానికి ఊడేలా బిగించడం నాకే రాదు. ఇంజిన్ పని నీదే. బుద్ధుంటే ఇంకెప్పుడూ ఇలా చెయ్యకు."

బావ దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు.

"కానీ రూలు రూలే. టీ పెట్టాలి. నువ్వు కాదమ్మా, నా కడుపు ఇక తట్టుకోలేదు. ఆ అబ్బాయి పెడతాడు."

అద్దాలబ్బాయి టీ పెట్టాడు. పొయ్యి మీద నీళ్ళు కాగేలోపు జేబులోంచి ఆవగింజంత స్క్రూ తీసి, పెద్ద మేస్త్రి కళ్ళజోడుకి కాడ బిగించి, తుడిచి ఇచ్చాడు. ఆయన పెట్టుకుని, కప్పు అందుకుని, ఒక గుక్క తాగాడు. ఇంకో గుక్క కూడా తాగాడు.

"ఆదివారం మీ పెద్దవాళ్ళని తీసుకురా. ఈ బండిలో మాత్రం వద్దు."

చిన్న మేస్త్రి బానెట్ కింద తల దూర్చి, గొట్టం తొడిగి, క్లిప్పుని ఆఖరి అర చుట్టూ తిప్పింది. నీళ్ళ పైపు కూడా దాని చోట పెట్టింది.

"ఇక ఈ బండి తిరిగి రాదు," అంది.

"బండి రాకపోతే రాకపోనీండి. నేనొస్తా."

"ఫోన్ చేస్తే ఎత్తుతారా?"

"దిండు అమ్మేస్తా."

ఆమె నవ్వి లోపలికి నడిచింది. అతను ముందద్దం శుభ్రంగా కడుక్కుని, కారు తీసి, గేటు దగ్గర ఒక్కసారి యాక్సిలరేటర్ తొక్కి కాలు తీశాడు. కారు "ఉస్స్" అని నిట్టూర్చింది, ఎంత మెల్లగానంటే రోడ్డు మీద ఎవ్వరూ తిరిగి చూడలేదు.

గ్యారేజీ గుమ్మంలో ఒక్క మనిషి మాత్రం ఆగి, తిరిగి చూసింది.