మంచు మీద ఏడు చీలలు

ఫోంతెఫ్రియా రేవు దగ్గరికి చీకటి పడ్డాక ఎవరూ వెళ్ళరు. మా ఊరి కుక్కలు కూడా వెళ్ళవు. పిల్లులు వెళతాయి గానీ, తిరిగొచ్చాక మూడు రోజులు పాలు ముట్టవు.

ఊరి కింద పల్లంలో ఉంటుంది ఆ రేవు. పెద్ద రాతి తొట్టి, చుట్టూ నాలుగు స్తంభాలు, పైన నాచు పట్టిన పెంకుల కప్పు. పగలంతా ఆడవాళ్ళు అక్కడే మోకాళ్ళ మీద కూచుని బట్టలుతుకుతారు. బట్టలతో పాటు ఊళ్ళో వాళ్ళందర్నీ ఉతికి ఆరేస్తారు. పొద్దు గుంకిందా... ఇక ఆ రేవు మనది కాదు. ఆవిడది.

ఆవిడ పేరు ఎవరూ ఎత్తరు. తెల్లగా ఉంటుందట. తొట్టి మీదికి వంగి ఉతుకుతూ ఉంటుందట. టప్... టప్... టప్... నువ్వు ఆ దారిన పోతుంటే, తల తిప్పకుండానే తడి దుప్పటి కొస ఒకటి నీ వైపు చాస్తుంది.

"పట్టుకో... పిండుదాం."

అప్పుడేం చెయ్యాలో మా అమ్మమ్మ చెప్పింది. ఆవిడ ఎటు తిప్పితే నువ్వూ దుప్పటిని అటే తిరగనివ్వాలి. మెలి పడనివ్వకూడదు. మెలి పడిందా — నీళ్ళతో పాటు ప్రాణమూ కారిపోతుంది.

నమ్మరా? తిత్తిబూర వాయించే సెసారియోని అడగండి. ఒక పెళ్ళిలో వాయించి, ఇంత సారా పట్టించి, ఆ దారిన వస్తున్నాడు. టప్ మంది. పరిగెత్తబోయి తిత్తి మీద పడ్డాడు. దాని పొట్టలో ఉన్న గాలంతా ఒక్కసారిగా కేక పెట్టింది. ఆ కేక ఆవిడదే అనుకుని ఆగకుండా పన్నెండు మైళ్ళు పరిగెత్తాడు. తెల్లారేసరికి జుట్టంతా తెల్లబడిపోయింది. ముందురోజు వరకూ బట్టతల మనిషి!

సరే, ఇక చెప్పబోయేది ముప్పై ఏళ్ళ కిందటి మాట. నేను విన్నదే అనుకోండి.

మాది సముద్రం పక్కన వానల ఊరు. ఏడాదిలో మూడొందల అరవై రోజులు వాన, మిగతా ఐదు రోజులూ తుంపర. నాచు మీద నాచు మొలుస్తుంది. అడుగుజాడకి ఇక్కడ రెప్పపాటు ఆయుష్షు... కాలు ఎత్తేలోపు వాన తుడిచేస్తుంది. అందుకే మా ఊళ్ళో దొంగ కూడా వెనక్కి తిరిగి చూసుకోడు.

అలాంటి ఊళ్ళో, పైవీధిలో, ముగ్గురు ఆడవాళ్ళ ఇల్లు ఒకటి. దోసింద, దాని ఏడేళ్ళ కూతురు ఉషీయా, అత్తగారు బల్బీనా. మొగుడు ఫర్రూకో స్విట్జర్లాండులో కొండలకి సొరంగాలు తవ్వుతున్నాడు. కూతురు కడుపులో ఉండగా వెళ్ళాడు. ఇంతవరకూ దాని మొహం చూడలేదు.

నెలకో ఉత్తరం రాసేవాడు. "వచ్చెయ్. గది చూశాను. పిల్ల కోసం చిన్న మంచం కూడా చేశాను." తర్వాత ఇంకోటి: "మంచం మళ్ళీ కోసి పెద్దది చేశాను."

దోసింద ఎలా వెళుతుంది? అప్పటికి ఏడేళ్ళ కిందట ప్రయాణం కాయితాలు వచ్చిన వారమే అత్తగారికి నడుం కిందంతా చచ్చుబడింది. పొద్దున్న బాగానే లేచిన మనిషి, మధ్యాహ్నం గచ్చు మీద పడి "అమ్మాయ్, నా కాళ్ళేవీ?" అంది. దోసింద కట్టిన పెట్టె విప్పకుండానే మంచం కిందికి తోసేసింది. ఆ మంచం మీదే అత్తగారిని పడుకోబెట్టింది. ఏడేళ్ళు ఎత్తింది, దింపింది, తల దువ్వింది, గంజి తాగించింది.

బల్బీనా కూడా తక్కువ మనిషేం కాదు లెండి. ఆ రోజుల్లో చుట్టుపక్కల ఏడు ఊళ్ళలో అంత అందగత్తె లేదు. నాకు తెలుసు.

ఇంకో మాట చెప్పాలి. దోసింద కర్రజోళ్ళు చేసేవాడి కూతురు. మా బురదలో కర్రజోళ్ళు లేనిదే అడుగు పడదు. గుమ్మం ముందు అందరూ వరసగా విప్పుతారు కాబట్టి, ఎవరివి ఎవరివో తెలియడానికి అడుగున ఇనప చీలలు తలో తీరుగా కొడతారు. అత్తగారి జోళ్ళకి దోసిందే కొత్తకోడలిగా తన చేత్తో కొట్టింది... చుట్టూ ఆరు, మధ్యలో ఒకటి, పువ్వులాగా. ఆ పువ్వు ఊరి మొత్తానికి ఒక్క జతకే ఉంది.

ఆ జోళ్ళు ఏడేళ్ళుగా తలుపు వెనక కొయ్యకి వేలాడుతున్నాయి. అయినా ప్రతి శనివారం దోసింద వాటికి పందికొవ్వు రాసేది.

"ఎందుకే నీకీ చాకిరీ?" అనేది అత్తగారు.

"ఏదో ఒకరోజు లేచి నడుస్తావత్తయ్యా. అప్పుడివి బిరుసెక్కి కాళ్ళు కొరికితే నన్నే తిడతావు."

అదిగో, అప్పుడు పడింది మంచు.

జనవరిలో ఒక మధ్యాహ్నం. వాన నడిమధ్యలో ఆగిపోయి, తెల్లగా, చప్పుడు లేకుండా రాలడం మొదలెట్టింది. ఊళ్ళో సగంమంది ఎన్నడూ చూసి ఎరగరు. పాదిరీ లోకం ముగిసిందనుకుని గుడిగంట కొట్టించాడు. పొరుగింటి ఎడెల్మీరా వాళ్ళ ఆవు గుమ్మంలోనే కూలబడి, సాయంత్రం దాకా పెరుగే ఇచ్చింది. ఉషీయా దోసిళ్ళతో మంచు ఎత్తి తేనె పోసుకుని తిని, నాలిక మొద్దుబారి, "నాన్నా" అనబోయి "నాన్యా" అంది.

దోసింద మంచు వంక చూస్తూ చాలాసేపు నిలబడింది. ఫర్రూకో ఎప్పుడో రాసిన మాట గుర్తొచ్చింది దానికి. "ఇక్కడ మంచులో ఎవడూ అబద్ధం ఆడలేడు. ఎవడెక్కడికి వెళ్ళాడో నేల మీద రాసి ఉంటుంది." అప్పట్లో ఆ ఉత్తరం చదివి వినిపిస్తే అత్తగారు పకపకా నవ్వింది. "వీడికి వేరే పనేం లేదా, నేల చదువుకుంటూ కూచోడానికి?"

దోసింద లోపలికొచ్చి పెద్ద మట్టిగిన్నె తీసుకుంది. నిండా మంచు ఎత్తింది. తెచ్చి మంచం మీద, అత్తగారి ఒళ్ళో పెట్టింది.

"నువ్వు బయటికి రాలేవు కదత్తయ్యా. అందుకని తెచ్చాను."

బల్బీనా వేలు పెట్టి చూసింది. కళ్ళ నీళ్ళు గిన్నెలో పడ్డాయి.

పొద్దు గుంకాక ఎడెల్మీరా కేకేసింది — చెస్ట్‌నట్ కాయలు కాలుస్తున్నాం, పిల్లని తీసుకుని రమ్మని.

"మీరెళ్ళండే. నేనీ గిన్నె చూసుకుంటూ పడుకుంటాను," అంది అత్తగారు.

"ఒక్కదానివే..."

"ఒక్కదాన్నేమిటి? నాకు నా నడుం తోడు."

వెళ్ళారు. పిల్ల అక్కడే పొయ్యి పక్కన నిద్రపోయింది. దోసిందకి మనసాగలేదు. వేడి కాయలు నాలుగు ఒళ్ళో మూటగట్టుకుని, లాంతరు పట్టుకుని బయల్దేరింది... అత్తగారు వేడివేడిగా తింటుందని.

వాన లేదు. గాలి లేదు. మొత్తం తెలుపు. అప్పుడు వినపడింది, పల్లంలోంచి.

టప్...

టప్... టప్...

దోసింద పరుగున ఇంటికొచ్చి పడింది. తలుపు తీసే ఉంది.

మంచం ఖాళీ.

కొయ్య కూడా ఖాళీ.

ఆవిడ... పైకొచ్చింది. మంచంలో కదల్లేని మనిషిని ఎత్తుకుపోయింది!

ఇంకెవరైనా అయితే తలుపు గడియ పెట్టుకుని దుప్పట్లో దూరేవాళ్ళు. సెసారియో అయితే పోర్చుగల్ దాకా పరిగెత్తేవాడు. ఆ వెర్రిపిల్ల మాత్రం దయ్యం మీద చల్లడానికి గుప్పెడు ఉప్పు తీసుకుని అత్తగారిని విడిపించుకు రావడానికి బయల్దేరింది. "ఓపిక పట్టు అత్తయ్యా... వస్తున్నా," అని గొణుక్కుంటూ.

గుమ్మం దాటి లాంతరు దించింది.

మంచు మీద అడుగులు.

చుట్టూ ఆరు చీలలు. మధ్యలో ఒకటి. పువ్వు... పువ్వు... పువ్వు... వరసగా పల్లంలోకి.

ఒక్కరివే. పక్కన ఇంకెవరి జాడా లేదు. ఈడ్చుకెళ్ళిన గీత లేదు.

దోసింద రెండడుగులు వేసి ఆగింది. మళ్ళీ వంగి చూసింది. కుంటి అడుగులు కావు. తూలిన అడుగులు కావు. గట్టిగా, సమంగా పడ్డాయి. ఒకచోట ఆ మనిషి ఆగి వెనక్కి తిరిగి ఊరంతా తెల్లగా ఉండటం చూసింది. ఇంకోచోట గిర్రున ఒక చుట్టు తిరిగింది... గుండ్రంగా పువ్వులు పడ్డాయి, జాతరలో ఆటలాగా. తర్వాత కాలువ. ఇవతలి గట్టు మీద రెండు పువ్వులు. అవతలి గట్టు మీద రెండు పువ్వులు.

ఏడేళ్ళుగా మంచం దిగని మనిషి కాలువ దూకింది.

దోసింద చేతిలోంచి ఉప్పు జారిపోయింది. మంచులో ఉప్పెక్కడ పడిందో కూడా కనపడలేదు.

టప్...

రేవు కప్పు కింద తెల్లటి మనిషి వంగి ఉతుకుతోంది. లాంతరు వెలుగు తగలగానే చప్పుడు ఆగింది. ఆ మనిషి తల తిప్పలేదు. తర్వాత మెల్లగా, తడి దుప్పటి కొస ఒకటి వెనక్కి చాచింది.

"పట్టుకో..." బొంగురు గొంతు. "పిండుదాం..."

వచ్చిందెవరైనా పారిపోతారనుకుంది ఆ తెల్లటి మనిషి. అందరూ పారిపోయారు మరి.

దోసింద లాంతరు కింద పెట్టింది. కొస పట్టుకుంది.

అవతలి చేతులు తిప్పాయి. దోసింద ఎదురు తిప్పింది. అలా మనుషులు తిప్పుతారు, రోజూ ఏ ఇద్దరాడవాళ్ళయినా. దుప్పటి మెలి పడింది. ఇంకా తిప్పింది. నీళ్ళు ధారగా కారి, కింద మంచుని తొలిచేశాయి. చుక్క మిగలకుండా పిండాక, మడత పెట్టాలి కదా... ఒక మడత, రెండు మడతలు. ఒక్కో మడతకీ ఒక్కో అడుగు దగ్గరయ్యారు. చేతులు చేతులకి తగిలాయి. మొహాలు ఎదురుపడ్డాయి.

అత్తగారు నేల చూపులు చూసింది.

దోసింద అరవలేదు. గుసగుసగా, ఎవరికో జోల పాడుతున్నట్టు అంది.

"నేను గిన్నెలో తెచ్చానత్తయ్యా... నువ్వు నడవలేవని."

ఒళ్ళోంచి కాయలు తీసి రాతి గట్టు మీద పెట్టింది. అవింకా వెచ్చగానే ఉన్నాయి. లాంతరు కూడా అక్కడే వదిలేసి, చీకట్లో వెళ్ళిపోయింది.

తెల్లారకముందే వాన వచ్చింది. మంచూ పోయింది, అడుగులూ పోయాయి. దోసింద మంచం కిందినుంచి పెట్టె లాగింది. దుమ్ము తుడిచింది. పిల్లని తీసుకుని మొదటి బస్సుకి వెళ్ళింది. ఊళ్ళో ఎవరికీ ఒక్క ముక్క చెప్పలేదు. మంచం మీద మట్టిగిన్నె అలాగే ఉంది... నిండా నీళ్ళతో.

ఊరు చూడాలి ఆ మర్నాడు! బల్బీనా తన కాళ్ళ మీద తాను నడిచి గుడికెళ్ళింది. రేవులో ఆవిడే కరుణించి కాళ్ళిచ్చిందన్నారు. పాదిరీ మూడు ప్రార్థనలు చేశాడు. సెసారియో నెలరోజులు ఊపిరి తీసుకోకుండా తిత్తి వాయించాడు. ఇప్పటికీ నడుం నొప్పులవాళ్ళు రేవు స్తంభం దగ్గర కొవ్వొత్తులు పెట్టి పోతారు. అంతమంది నడుములూ బాగుపడ్డాయి!

మరి ముసలిది నిజం ఎందుకు చెప్పలేదంటారా? ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పేదాన్ని.

అవును. నేనే.

వాళ్ళు వెళితే ఇల్లు ఖాళీ అయిపోతుందని, కాయితాలొచ్చాక గచ్చు మీద పడ్డాను. ఒక్క వారం అనుకున్నాను. లేవడం ఎలాగో తెలియలేదు. కానీ నా లోపరికిణీలూ పక్కదుప్పట్లూ కోడలి చేత ఉతికించడానికి సిగ్గేసి, అది పొరుగిళ్ళకి వెళ్ళిన సాయంత్రాలు రేవుకి పోయేదాన్ని. ఎవరొచ్చినా దుప్పటి కొస చాచేదాన్ని. సెసారియో పరిగెత్తిన రోజు నవ్వలేక స్తంభాన్ని వాటేసుకున్నాను.

ఆ రాత్రి కూడా తెలివిగానే ఆలోచించాను. తెల్ల దుప్పటి కప్పుకుంటే మంచులో కనపడనని. తల నుంచి మడమ దాకా దాచుకున్నాను. మడమ కింద ఏముందో ఆలోచించలేదు. వానలో పుట్టినదాన్ని... నా కాళ్ళు నా మీద సాక్ష్యం చెబుతాయని ఎలా తెలుస్తుంది?

స్విట్జర్లాండు నుంచి ఉత్తరం రాలేదు. నేను రాసినవి విప్పకుండానే తిరిగొచ్చాయి. ఉషీయాకి ఇప్పుడు ముప్పై ఏడు.

అమ్మమ్మ చెప్పింది నిజమే, మెలి పడితే ప్రాణం కారిపోతుంది. ఎవరిదో మాత్రం ఆవిడ చెప్పలేదు.

నాకిప్పుడు తొంభై ఒకటి. దుప్పటి ఒక్కదాన్నే పిండలేను. ఒక కొస స్తంభానికి కట్టి, రెండోది తిప్పుతాను. పగలు జనం చూస్తారని పొద్దు గుంకాకే వెళతాను. ఒక్కోసారి వెనక దారిలో అడుగుల చప్పుడవుతుంది. స్తంభం నుంచి ఆ కొస విప్పి, తల తిప్పకుండా, వెనక్కి చాస్తాను.

"పట్టుకో... పిండుదాం..."

అడుగులు ఆగుతాయి. అంతలోనే పరుగందుకుంటాయి.