శివలీల పేరు పక్కన ఎర్ర గుర్తు

"ఏమప్పా, నేనేమన్నా దొంగనా?"

కర్నూలు కోచింగ్ సెంటర్లో కంప్యూటర్లు చూసుకునే గోపీతో శివలీల మాట్లాడిన మొదటి మాట ఇదే. ప్రాక్టీసు పరీక్ష మధ్యలో ఆమె కాలిక్యులేటర్ తెరిచింది. పరీక్ష విండో వెనక్కి పోయిందని గోపీ రాసిన ప్రోగ్రామ్ వెంటనే కనిపెట్టి, ఆమె పేరు పక్కన ఎర్ర గుర్తు పెట్టింది.

"దొంగ అనలేదు మేడం. పరీక్ష వదిలి ఇంకోటి తెరిస్తే దానికి తెలిసిపోతాది. అసలు పరీక్షలో మూడు గుర్తులు పడితే తెర మూసుకుపోతాది."

"శానా అనుమానం నేర్పించినావు దానికి!" అంటూ ఆమె విసవిసా వెళ్లిపోయింది. గోపీ మనసు కూడా ఆమె వెంటే వెళ్లిపోయింది.

ఆదివారం అసలు పరీక్ష. ఫస్టు వచ్చినవాళ్లకు బ్యాంకు కోచింగ్ ఉచితం. శివలీల తండ్రి బేతంచెర్లలో బండల పాలిష్ పనికి పోతాడు. ఈ సీటు రాకపోతే ఆమె చదువు ఇంతటితో సరి.

పరీక్ష హాలు పక్కనున్న అద్దాల గదిలో తన కంప్యూటర్ ముందు గోపీ కూర్చున్నాడు. ఎదురుగా చెప్పే ధైర్యం లేక, ఆమె తెర మీదికి ఒక మెసేజ్ పంపాడు: "ఆల్ ది బెస్ట్. భయపడొద్దు."

మరుక్షణం శివలీల పేరు పక్కన ఎర్ర గుర్తు పడింది.

ఏం తెరిచింది ఈ పిల్ల? కంగారులో ఇంకోటి పంపాడు: "ఏమైంది? జాగ్రత్త!"

రెండో గుర్తు పడింది.

అప్పటికి గానీ అతనికి బుర్ర వెలగలేదు. ఆమె ఏమీ తెరవలేదు. తన మెసేజే పరీక్షను వెనక్కి నెట్టి ముందుకొచ్చి నిలబడుతోంది. ఆమె ఓకే నొక్కితేనే పరీక్ష మళ్లీ ముందుకొస్తోంది. గోపీ కీబోర్డును దూరంగా జరిపేశాడు.

అంతలో వెనక నుంచి యజమాని జ్ఞానరాజు సార్ గొంతు. "రెండు గుర్తులా? ఎవరా పిల్ల? లేపి పంపించెయ్."

చెబితే తన ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే ఆమె సీటు పోతుంది.

"ఆ పిల్ల తప్పేం లేదు సార్. నేనే మెసేజ్ పంపినా."

"ఎందుకు?"

గోపీ తల దించుకున్నాడు. "ఇష్టం సార్."

సార్ రెండు మెసేజీలూ చదివాడు. "నీ ప్రేమకు నా పరీక్షే దొరికిందా? ముందు ఆ గుర్తులు తీసెయ్. నీ సంగతి తర్వాత చూస్తా."

గుర్తులు తీసేశాక, పరీక్ష అయ్యేదాకా గోపీ మళ్లీ కీబోర్డు ముట్టలేదు. మార్కులు తెర మీదికి వచ్చాయి. అందరికన్నా పైన శివలీల పేరు ఉంది.

ఆమె నేరుగా గదిలోకి వచ్చింది. "ఆ మెసేజీలు నీవేనా?"

"నావే. మీ సీటుకే ఎసరు పెట్టినా. ఏమనుకోవద్దు."

"మొదటిది సూసి భయం పోయింది. రెండోది సూసి మళ్లా వచ్చింది."

ఆమె తలుపు దాకా పోయి వెనక్కి తిరిగింది.

"నీ ప్రోగ్రాముకు ఏమీ తెలీదప్పా. పరీక్షంతా నా కండ్లు ఈ అద్దాల గది దిక్కే పోతాండె. దానికి ఒక్క గుర్తన్నా పెట్టిందా?"