సీసా కింద గులాబీ

"నా గులాబీని గీకింది మీరేనా?"

కంచెకు అవతల తీమోన్ తాగుతున్న టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. ఏప్రిల్ మొదలైంది. మంచు కరిగి, సువావ్‌కి అనే ఊరి చివర, జనం తలా ఓ ముక్క నేలలో మొక్కలు పెంచుకునే తోటల కాలనీ అంతా బురదబురదగా ఉంది. ఆ బురదలో రబ్బరు బూట్లతో నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని, బోగ్నా అతణ్ణి దొంగను చూసినట్టు చూస్తోంది.

"కొంచెం గీకాను. గోటితో," అన్నాడు తీమోన్.

"ఎందుకు?"

"బతికుందో లేదో చూద్దామని. పైతోలు కింద పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టు. మీకు తెలియంది కాదుగా."

"తెలుసు. నా మొక్క ప్రాణం సంగతి నేను చూసుకుంటాను. మీకంతగా గీకాలనిపిస్తే మీ మొక్కలున్నాయి, మీ తల ఉంది."

తీమోన్ నవ్వు కనబడకుండా టీ గ్లాసు మళ్ళీ అందుకున్నాడు. అదీ అనుమానంగానే తోచింది బోగ్నాకు. తప్పు చేయనివాడు నవ్వు ఎందుకు దాచుకుంటాడు?

అనుమానించడం బోగ్నాకు స్వభావమే కాదు, ఉద్యోగం కూడా. ఇన్సూరెన్స్ ఆఫీసులో పని. వడగళ్ళకు కారు సొట్టలు పడిందని ఎవరైనా వస్తే, ఆ సొట్టలు వడగళ్ళవా, బావమరిది సుత్తివా అని తేల్చేది ఆమే. అలా తేల్చితేల్చి, దారిలో ఎవరైనా గుడ్ మార్నింగ్ అన్నా వీడికి నాతో ఏం పనిబడిందా అని ఆలోచించే స్థితికి వచ్చింది.

తీమోన్ విషయంలో మాత్రం ఆమె దగ్గర ఆధారం ఉంది. కిందటి అక్టోబరులో నాన్న జెనోన్ మోకాలి ఆపరేషన్ కోసం ఒపోలెలో ఉన్న పెద్దకూతురి ఇంటికి బయల్దేరాడు. పోయేముందు తోటను ఓసారి చూసుకుంటానంటే బోగ్నా తీసుకొచ్చింది. కారులో సంచులు సర్ది వెనక్కి వచ్చేసరికి తీమోన్ కంచె దాటొచ్చి గులాబీ పక్కన వంగి ఉన్నాడు. చేతిలో చాకు. ఆమెను చూడగానే ఏదో కోటులోకి తోసేసి, "క్షేమంగా వెళ్ళి రండి" అని గొణిగి వెళ్ళిపోయాడు. అవతల బేరి చెట్టు దగ్గర నిలబడ్డ నాన్న ఇటు చూడనే లేదు. పాపం ముసలాయన, నొప్పిలో ఏమీ గమనించుకోలేదనుకుంది.

ఆ వెనకే వచ్చింది చలికాలం. సువావ్‌కి వాళ్ళకు చలి కొత్త కాదు, దేశం మొత్తంలో చలి ఎక్కువ ఊరు మాదేనని కాస్త గర్వం కూడా ఉంది. ఈసారి ఆ గర్వమూ గడ్డకట్టింది. నేల మీద మంచు దుప్పటి పరుచుకోకముందే మైనస్ ముప్పై వచ్చి కూర్చుంది. మంచు కప్పని నేలలో అంత చలి దిగితే వేళ్ళ దాకా కాల్చేస్తుంది.

తీమోన్ ఉద్యోగం వాతావరణ కేంద్రంలో. దాంతో ఆ చలిని అతనే సొంత ఖర్చుతో తెప్పించినట్టు మాట్లాడేవారు కాలనీ జనం.

"నీ చలికి నా పీచ్ చెట్టు పోయిందిరా తీమోన్," అంది కాలనీ పెద్ద బల్బీనా. డెబ్బై దాటిన మనిషి, చెట్లన్నీ గీకిగీకి గోళ్ళు నల్లబడ్డాయి.

"నేను కొలిచానండీ. తేలేదు."

"నువ్వు కొలవకపోతే అంతుందని ఎవరికి తెలిసేది? మామూలు చలే అనుకుని బతికేది అది."

ఆ వసంతంలో కాలనీలో పలకరింపులే మారిపోయాయి. ఎలా ఉన్నారని ఎవరూ అడగడం లేదు, మీది లేచిందా అంటున్నారు. లావెండర్ బూడిదరంగులో పడుంది. ద్రాక్షతీగ చీపురుపుల్లలా ఉంది. ఎండిన ప్రతి పుల్ల దగ్గరా ఎవరో ఒకరు వంగి చూస్తున్నారు. అయినా ఎవరూ ఏదీ పీకరు. మే నడిమిలో సోఫియా పండగ వస్తుంది. చలి సోఫియా అంటారు, రాత్రి మంచుకు అదే ఆఖరి రోజు. అది దాటేదాకా ఏ మొక్కనూ చచ్చిందని అనకూడదు.

బోగ్నాకు మిగతా మొక్కల బెంగ లేదు, ఆ ఒక్క గులాబీదే. అది అమ్మ పుట్టింటి గోడ పక్కనుంచి వచ్చిన తీగ. రేకు బయట తెలుపు, లోపల లేత గులాబీ, వాసన ఆపిల్ పండుది. ఏ దుకాణంలోనూ దొరకదు. అమ్మ పుట్టిల్లు పడగొట్టి రోడ్డు వేశారు, అమ్మ కూడా పోయింది. ఇక మిగిలింది ఇదొక్కటే. "మిగతావన్నీ పోయినా పర్లేదు తల్లీ. దాన్ని మాత్రం చూసుకో," అన్నాడు నాన్న కారెక్కుతూ. సోఫియా పండగ వెళ్ళిన మర్నాడు ఆయన తిరిగొస్తున్నాడు.

ఆదివారం ఆదివారం ఫోన్ చేసేవాడు.

"గులాబీ కదిలిందా?"

"ఇక్కడ ఇంకా చలి తగ్గలేదు నాన్నా. ఇప్పుడే ఏం కదుల్తుంది?"

"ఊఁ. మీ అక్క వాకిట్లో మాగ్నోలియా పూయడం, రాలడం కూడా అయిపోయింది."

"అది ఒపోలె నాన్నా. అక్కడ ఇంత చలేది?"

"సరేలే. తీమోన్ ఎలా ఉన్నాడు?"

బోగ్నా వెన్ను నిటారైంది. "అతని గొడవెందుకు నీకు?"

"ఊరికే. మంచి కుర్రాడు."

"మంచో చెడో ఇంకా తేలలేదు."

"అతని మీద కూడా ఫైలు తెరిచావా ఏంటి?"

తెరిచింది మరి. కంచె పక్కనే తీమోన్ తోట మూలలో దేవదారు కొమ్మల కుప్ప ఒకటుంది. దాని మధ్యలో బోర్లించిన పెద్ద బకెట్. అతను రోజూ వచ్చి బకెట్ ఎత్తి చూస్తాడు. బోగ్నా బూట్ల చప్పుడు వినబడగానే టక్కున మూసేసి, ఆకాశంకేసి చూస్తూ నిలబడతాడు. వాతావరణ కేంద్రంలో రోజంతా చూసింది చాలదన్నట్టు.

"ఆ బకెట్ కింద ఏముందండీ?" అని బల్బీనాను అడిగింది బోగ్నా.

"నాకూ చూపించలేదు. నేను అడిగాను కూడా. కాలనీ మొత్తంలో నాకు తెలియని బకెట్ అదొక్కటే," అంది బల్బీనా, తనకు అవమానం జరిగినట్టు.

ఒకరోజు ఎవరూ లేనప్పుడు బోగ్నా తన గులాబీని తనే గీకి చూసింది. గోధుమరంగు. ఇంకాస్త కింద గీకింది, అక్కడా అదే. చలికాలం ముందు నాన్న చెప్పినట్టే మొక్క మొదలుకు మట్టి ఎగదోసి కప్పింది కదా అని ఆ మట్టి తీసి అక్కడా చూసింది. పచ్చదనం జాడ లేదు. అక్కడే చతికిలబడి కాసేపు ఏడ్చి, లేచి ముక్కు తుడుచుకుని, దీనికి కారణం ఆ చాకే అని తీర్మానించింది. చలికాలం ముందు కోసిన గాయంలోంచి చలి లోపలికి పోయింది. ఎవరి మీదైనా కోపం తెచ్చుకుంటే ఏడుపు కొంచెం తగ్గుతుంది.

మేలో ఒక సాయంత్రం ఆ బకెట్ సంగతి తేల్చుకుందామని అతని తోటలోకి దూరింది. అతను డ్యూటీలో ఉంటాడనుకుంది. సగం దూరం పోయేసరికి గేటు చప్పుడైంది. దగ్గర్లో ఉన్న పొద చాటున నక్కింది. అప్పుడే వాన మొదలైంది, చిన్నాచితకా వాన కాదు.

అడుగులు వచ్చి పొద ముందు ఆగాయి. పైనుంచి ఒక గొడుగు వంగింది.

"బోగ్నా గారూ, ఆ పొద వాన ఆపదు. దీని కిందికి రండి."

"నేను చెవిపోగు వెతుక్కుంటున్నాను."

"మీరు చెవిపోగులు పెట్టుకోరుగా."

"మీకెలా తెలుసు?"

"చూస్తుంటాను," అన్నాడు తీమోన్. అన్నాక, అనకుండా ఉండాల్సిందని అతని ముఖమే చెప్పింది.

పోగుల్లేని చెవులు రెండూ వేడెక్కాయి బోగ్నాకు. ఆ వేడి అతని కంటపడకుండా ఏదో ఒకటి చేయాలని, రెండడుగులు వేసి బకెట్ ఎత్తేసింది.

కింద మూడు గాజు సీసాలు బోర్లించి ఉన్నాయి, దోసకాయలు ఊరబెట్టుకునే సీసాలు. ఒకదాని కింద ఎండిన పుల్ల. మిగతా రెండింటిలో, లోపలి చెమ్మ వెనక, చిటికెన వేలంత మొక్కలు. రాగిరంగు లేతాకులు, అంచులు ద్రాక్షసారాలో ముంచి తీసినట్టు ఎర్రగా. చిన్నప్పటినుంచీ ప్రతి వసంతంలోనూ చూసిన ఆకులు. కళ్ళు మూసుకున్నా గుర్తుపడుతుంది.

"ఇది మా గులాబీ."

"అవును."

"ఆ రోజు కోసింది ఇదే."

"అవును."

"దొంగతనం చేశారు."

"చేశాను."

"ఇంకేం చెప్పరా?"

"చెప్పకూడదండీ. చెబితే మొక్కకు మంచిది కాదు."

బోగ్నా తడుస్తూనే ఇంటికి పోయింది. ఆమె ఇన్నాళ్ళలో చూసిన దొంగలందరూ ఒక కథ చెప్పారు, ఏదీ లేకపోతే ఏడ్చి చూపించారు. ఇతనేమో ఒప్పేసుకుని గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. కోపం కంటే బాధ ఎక్కువైంది. అతను దొంగ కాకపోతే బాగుండునని తనకు ఇంతగా ఎందుకుందో ఆలోచించి, తేలిన జవాబుకు ఇంకా మండిపడి, నాన్నకు ఫోన్ చేసింది.

"నీ మంచి కుర్రాడు మన గులాబీ కొమ్మలు దొంగిలించాడు నాన్నా."

"వేరు పట్టాయా?" అన్నాడు నాన్న ఆత్రంగా.

బోగ్నా ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసి ఓసారి చూసి, మళ్ళీ పెట్టుకుంది.

"ఎన్ని పట్టాయే? చెప్పు."

"రెండు. నీకు తెలుసా?"

"చేయించింది నేనేగా. ఎముకల నొప్పి చూస్తే చలి గట్టిగా వచ్చేలా ఉంది. ఒక్క మొక్కని నమ్ముకుని ఎలా పోను? అందుకని, నువ్వు కావలసింది కోసుకో, నేనలా బేరి చెట్టుకేసి తిరుగుతానన్నాను. వాడు ఎంచిఎంచి కోశాడు, అటే చూసిచూసి నా మెడ పట్టేసింది."

"అడిగితే మనమే ఇచ్చేవాళ్ళంగా."

"ఇచ్చిన కొమ్మ పట్టదే. దొంగిలించిందే పట్టేది. కాలనీలో ఎవరినైనా అడుగు. ఇంటివాడు చూడకుండా ఉండాలి, దొంగ నోరెత్తకూడదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకు చెబితే వాడి చేత కాగితం మీద సంతకం పెట్టించేదానివి."

బోగ్నా మెల్లగా, "నాన్నా, అసలు మొక్క..." అంది.

"పోయిందని తెలుసు తల్లీ. గీకి చూసి చెప్పమని తీమోన్‌ని అడిగింది నేనే. నా మనసు కష్టపెట్టలేక నువ్వు చెప్పవని తెలుసు."

"ఏడ్చావా?"

"ఏప్రిల్‌లోనే అయిపోయింది నా ఏడుపు. నువ్వు కానీ."

ఫోన్ చెవికి పెట్టుకునే ఏడ్చింది బోగ్నా. అటువైపు నాన్న ఫోన్ పెట్టేయకుండా ఉన్నాడు.

సోఫియా పండగ రోజు ఎండ బాగా కాసింది. బోగ్నా పాత గులాబీని తవ్వి తీసి, ఆ గుంట పక్కనే ఒకటి కొత్తగా తవ్వి, చేతులు దులుపుకుని కంచె దగ్గరికి వచ్చింది.

"నాన్నతో మాట్లాడాను," అంది.

తీమోన్ లేచి నిలబడ్డాడు. "అయితే నామీద ఫైలు మూసేసినట్టేనా?"

"సగం. మొక్క ఇవ్వండి."

"ఇవ్వకూడదు. ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చి ఇప్పుడు నియమం తప్పమంటారా? నేను మబ్బులు చూస్తుంటాను," అని అటు తిరిగిపోయాడు.

బోగ్నా తాపీ తీసుకుని కంచె దాటింది. దొంగతనం ఆమెకు ఇదే మొదలు. సీసా జరిపి, మొక్క చుట్టూ మట్టి చెదరకుండా తవ్వింది.

"మీరు రెండోది ఉంచుకోండి," అంది.

"నేనేమీ వినడం లేదు. పడమట తెల్ల మబ్బులున్నాయి. వాన లేదు."

"థ్యాంక్స్ అయినా..."

"అనకండి," అన్నాడతను కంగారుగా, అటే చూస్తూ. "అంటే వేరు ఎండిపోతుంది. ఏదైనా మాట మార్చండి."

బోగ్నా మొక్కను మట్టితో సహా దోసిట్లో పట్టుకుని ఆలోచించింది.

"సరే, మారుస్తాను. నాన్న చెప్పొద్దన్నది మొక్క గురించేగా. మొన్న గొడుగు కింద మీరు మొదలుపెట్టింది ఎందుకు మధ్యలో ఆపారు?"

తీమోన్ మబ్బుల మీంచి చూపు తిప్పలేదు.

"మీరు నాతో మాట్లాడేదే అనుమానం వల్ల. అది తీరిపోతే కంచె దగ్గరికి రారేమోనని భయం. మీరొచ్చి తిడితే ఆ రోజు బాగుండేది."

"తిట్టించుకోవడానికి నెలన్నర బకెట్ మూసి పెట్టుకున్నారా?"

"ఇంకో దారి తెలియలేదు. మీరంటే నాకు చాలా ఇష్టం, బోగ్నా. ఇక తిరగొచ్చా?"

ఆమె ఈసారి ఏ కోణంలోంచి చూసినా అందులో అబద్ధం దొరకలేదు. వెతకాలని కూడా అనిపించలేదు.

"తిరుగు," అంది. "వచ్చి ఈ మట్టి పట్టుకో, జారిపోతోంది."

మర్నాడు మధ్యాహ్నం జెనోన్ చేతికర్రతో కాలనీలోకి అడుగుపెట్టాడు. బల్బీనా గేటు దగ్గరే ఆపి తన పీచ్ చెట్టు చావు మొదటినుంచీ చివరిదాకా చెప్పింది. ఆమెను వదిలించుకుని తన తోటలోకి వచ్చి, పాత గులాబీ ఉన్న చోటు ముందు టోపీ తీశాడు. అక్కడ సీసా కింద రాగిరంగు ఆకులు. పక్కన చేతులనిండా మట్టితో కూతురు, ఆ కూతురి చేయి పట్టుకుని, ఎటు చూడాలో తెలియక నిలబడ్డ తీమోన్.

"ఇదెక్కడిదే?" అన్నాడు నాన్న, ఏమీ ఎరగనట్టు.

"దొంగిలించాను."

"పట్టుబడ్డావా?"

"పట్టుబడ్డాను నాన్నా."

జెనోన్ బెంచీ మీద కూర్చుని మోకాలు సర్దుకున్నాడు. ఆ సీసా వంక చూస్తుంటే ఆయన కళ్ళు తడిశాయి, అయినా నవ్వుతూనే ఉన్నాడు.

"నేనూ పట్టుబడ్డాను. మీ అమ్మ వాళ్ళ గోడెక్కి దీని కొమ్మ కోస్తుంటే మీ అమ్మ కిటికీ తెరిచింది. అరుస్తుందనుకుని గోడ మీద బిగుసుకుపోయాను. 'అది లేతది, పట్టదు, పైదాన్ని కొయ్యి' అంది. నియమం అక్కడే తప్పింది. అయినా చూడు, ఎన్నేళ్ళున్నాం."

తర్వాత కళ్ళు తుడుచుకుని, తీమోన్ వైపు తిరిగి, టీ ఏమైనా ఉందా బాబూ అని అడిగాడు.